బెజ్జ మహాదేవి కథ – ఒక విద్యార్థిని వ్రాసిన నాలుగు వ్యాసములు

పాల్కురికి సోమనాథుని బసవపురాణము లింగాయతుల యిండ్లలోనికి రెండు మార్గములలో వచ్చుచున్నది. మఠమున పురాణశ్రవణముగ పెద్దలు దానిని విందురు. కళాశాలలో పాఠ్యభాగముగ పిల్లలు దానిని చదువుదురు. మొదటి చోట చేతులు జోడించి కూర్చుందురు. రెండవ చోట 'సమీక్షింపుము', 'రచనాసౌందర్యమును వివరింపుము' అను ప్రశ్నలకు జవాబులు వ్రాయవలసి యుండును. ఒకే గ్రంథమును భక్తితో వినుటకును, పరిశీలించి వ్రాయుటకును పొత్తు కుదురునా యను సందేహము చదువుకొను పిల్లలకును, వారిని చదివించు పెద్దలకును కలుగుచుండును. పురాణమును ప్రశ్నించుట అపచారమని కొందరును, భక్తి యున్నచోట విమర్శకు తావులేదని మరికొందరును తలంతురు. ఈ రెండు తలంపులును విద్యార్థికి చేటే.

సాహిత్యవ్యాసము వ్రాయుట ఎట్లు అలవడును? అది భక్తికి భంగకరమా? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియుటకై కల్పితమైన యొక విద్యార్థిని కథను ఉదాహరణముగ గైకొనుట మేలు. ఆమెది జహీరాబాదు ప్రాంతమున నొక లింగాయత కుటుంబము. బసవకల్యాణము ఆ సీమకు చేరువలోనిదే. ఇంట మాటలాడునది కన్నడము, బడిలో చదివినది తెలుగు. అవ్వకు వచనములు కంఠస్థములు, కాని తెలుగు చదువరాదు. తాతగారు మఠమున పురాణము చెప్పించు పెద్ద. పట్టపరీక్షకు చదువుచున్న ఆ బాలికకు అధ్యాపకుడు ఇచ్చిన విషయము బసవపురాణమునందలి బెజ్జ మహాదేవి కథ. దానిపై ఆమె ఒక్క సంవత్సరములో నాలుగు పర్యాయములు వ్యాసము వ్రాసినది.

కథాసంగ్రహము

బెజ్జ మహాదేవి ముగ్ధభక్తురాలు. అందరికిని తల్లులు కలరు, శివునకు మాత్రము తల్లి లేదే యని ఆమెకు దుఃఖము కలిగినది. తల్లి యున్నచో ఆ స్వామికి ఇట్టి అవస్థలు వచ్చియుండునా యని వగచి, తానే ఆయనకు తల్లి కాదలచినది. అంతటినుండి లింగమును పసిబిడ్డగ భావించి స్నానము చేయించి, పాలు పట్టి, లాలించినది. ఆమె ముగ్ధత్వమునకు మెచ్చిన శివుడు బిడ్డవలెనే జబ్బు నటించెను. బిడ్డ పాలు త్రాగుట లేదని ఆ తల్లి తల్లడిల్లెను. తుదకు స్వామి ప్రత్యక్షమై ఆమెను అనుగ్రహించెను. కన్నప్ప, గొడగూచి, రుద్రపశుపతి మొదలగు ముగ్ధభక్తుల కథలును ఈ పురాణముననే కలవు.

మొదటి వ్యాసము: ప్రశంస

విద్యార్థిని వ్రాసిన మొదటి వ్యాసము నాలుగు పుటలు. అందు మూడు పుటలు కథయే. మిగిలిన పుటలో సోమనాథుడు మహాకవి యనియు, ఆయన శైలి మధురమనియు, కథ భక్తిరసభరితమనియు, చదివినవారి హృదయములు కరగుననియు వ్రాసినది. భాషలో దోషములు లేవు. దస్తూరి ముత్యములవలె నున్నది. అధ్యాపకుడు వ్యాసమును తిరిగి యిచ్చుచు ఒక్క మాట అనెను: "ఇందులో బెజ్జ మహాదేవి పేరు తీసివేసి గొడగూచి పేరు వ్రాసినను నీ చివరిపుట చెల్లును."

ఆమె ఇంటికి పోయి మార్చి చూచినది. నిజముగనే చెల్లినది. సోమనాథుని పేరు తీసి మరియొక కవి పేరు పెట్టినను చెల్లుచున్నది. ఏ కావ్యమునకైనను తగిలింపదగిన ప్రశంస ఆ కావ్యమును గూర్చి ఏమియు చెప్పినట్లు కాదు. వ్యాసరచన నేర్చువారిలో పెక్కుమంది ఈ మెట్టుననే నిలిచిపోవుదురు. పరీక్షలలో దీనికే మార్కులు వచ్చుచుండుటచే దోషము బయలుపడదు.

రెండవ వ్యాసము: ఎరువుసొమ్ము

రెండవసారి ఆమె గ్రంథాలయమునకు పోయినది. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతో బసవపురాణమును పరిష్కరించి ప్రకటించిన తరువాత తెలుగున ఈ పురాణముపై పరిశీలన విస్తరించినది. అట్టి పీఠికలనుండియు, చరిత్రగ్రంథములనుండియు ఆమె వలసినన్ని మాటలు తెచ్చుకొన్నది. వ్యాసమున 'దేశికవిత', 'జానుతెనుగు', 'వాత్సల్యము', 'ముగ్ధభక్తి' అను పారిభాషికపదములు నిండినవి. ఏడు ఆశ్వాసముల యీ ద్విపదకావ్యమును భీమకవి కన్నడమున భామినీషట్పదులలో రచించెననియు, అది 1369వ సంవత్సరమున పూర్తియైనదనియు కూడ వ్రాసినది.

చెప్పినవన్నియు నిజములే. అధ్యాపకుడు మాత్రము ప్రతి పదము ప్రక్కను 'ఎచ్చట?' అని ప్రశ్నచిహ్నము పెట్టెను. జానుతెనుగు ఈ కథలో ఏ మాటయందు కనబడుచున్నది? ద్విపద యని చెప్పితివి. ద్విపద యగుటచే ఈ కథకు కలిగిన లాభమేమి? 1369 అను సంఖ్య బెజ్జ మహాదేవి దుఃఖమును గూర్చి ఏమి తెలుపును? విద్యార్థిని ఒక్కదానికిని జవాబు చెప్పలేకపోయినది. పెండ్లికి ఎరువుసొమ్ము పెట్టుకొని పోయినవానికి ఏ నగ ఎవరిదో జ్ఞాపకముంచుకొనుటయే పని యగును. రెండవ వ్యాసమున ఆమె స్థితియు అట్టిదే.

నేటి విద్యార్థికి ఈ మెట్టు మరింత జారుడుమెట్టు. గైడులు అంగడిలో దొరకును. కంప్యూటరును అడిగినచో క్షణములో వ్యాసము వ్రాసి యిచ్చును. 'ఎచ్చట?' అను ప్రశ్నకు మాత్రము మూలమును తెరచినవాడే జవాబు చెప్పగలడు.

మూడవ వ్యాసము: పరిశీలన, తొందరపాటు

మూడవసారి ఆమె ఇతర గ్రంథములను మూసి, మూలమును మాత్రమే ముందు పెట్టుకొన్నది. బెజ్జ మహాదేవి వగచు ఘట్టమును పదిమార్లు చదివినది. అప్పుడు కొన్ని విషయములు కంటబడినవి.

ద్విపదకు పాదమున మూడు ఇంద్రగణములును, తుద నొక సూర్యగణమును ఉండును. మూడవ గణము మొదటి అక్షరము యతిస్థానము. రెండు పాదములకును ప్రాస కలియును. పాదము చిన్నది, చెవికి త్వరగా అందును. ఈ ఘట్టమున సోమనాథుడు 'తల్లి' అను మాటతోనే మరల మరల పాదములను ఎత్తుకొనుచున్నాడు. తల్లి యున్నచో తపసి కానిచ్చునా, జడలు కట్టనిచ్చునా, విషము త్రాగనిచ్చునా, తోళ్లు కట్టనిచ్చునా యని ప్రశ్నలు వరుసగా సాగును. శివునకు ఆభరణములని స్తోత్రములు చెప్పు వస్తువులే యిచ్చట ఒక్కొక్కటిగ వచ్చుచున్నవి. ఈ విషయమును విద్యార్థిని తానే కనుగొన్నది. ఎవరి పుస్తకమునను చూడలేదు. కావున ఆమె ఆనందమునకు మేర లేకపోయినది.

ఆ ఆనందములో ఆమె ఒక అడుగు ముందునకు దుమికినది. 'శివుని పౌరాణికరూపమును సోమనాథుడు ఇచ్చట పరిహసించినాడు' అని వ్యాసమును ముగించినది.

ఆ వ్యాసమును తాతగారు చదివిరి. ఆయన కోపింపలేదు. కాగితములను మడచి పీటపై పెట్టి, "స్వామిని పరిహసించుటకా సోమనాథుడు పురాణము వ్రాసినది? చదువు నేర్చిన ఫలమిదియేనా, తల్లీ?" అనిరి. రెండు దినములు ఆ యింట మాటలు తగ్గినవి. విద్యార్థినికి భయము కలిగినది. బెజ్జ మహాదేవిని విడిచి, ఎవరికిని నొప్పి కలిగింపని ప్రకృతివర్ణన నేదైన తీసికొందునా యని ఆలోచించినది. కళాశాలలో వ్రాయునది యొకటి, ఇంట చెప్పునది యొకటిగ నడపుదునా యనియు తలచినది. చదువుకొను పిల్లలు పెక్కుమంది ఈ రెండవ ఉపాయమునే పట్టుదురు. అట్లు పట్టినవారికి క్రమముగ ఇంటిమాటయందును, కళాశాలమాటయందును నమ్మకము పోవును.

అధ్యాపకుడు తాతగారిని తప్పుపట్టలేదు, శిష్యురాలిని గద్దింపలేదు. "పరిహాసమనుటకు కావ్యమున ఏ మాట ఆధారము?" అని మాత్రము అడిగెను. ఆమె మరల వెదకినది. నవ్వించు మాట ఒక్కటియు కనబడలేదు. ఆమె కనుగొన్నది సత్యమే. కనుగొన్నదానినుండి తీసిన ఫలితార్థమునకు ఆధారము లేదు. తాతగారి బాధయు, అధ్యాపకుని ప్రశ్నయు ఒక్క చోటికే వచ్చినవి. కవి అనని మాటను కవి నోట పెట్టరాదని ఇద్దరును వేరువేరు విధముల చెప్పిరి.

విమర్శ యనగా తప్పులు పట్టుట యను అర్థము లోకమున వ్యాపించినది. శైవశాస్త్రములందు విమర్శ యనునది పరమేశ్వరుని యెరుకశక్తికి పేరు. తన్ను తాను తెలిసికొను ఆ యెరుక లేనిచో ప్రకాశము జడమగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. చదువరికిని అట్టి యెరుక కావలెను. ముందున్న కావ్యమును ఎరుగుటతోపాటు, తన మనస్సు ఆ కావ్యముపై దేనిని మోపుచున్నదో కూడ అతడు ఎరిగి యుండవలెను.

అవ్వ విన్న విధము

నాలుగవ వ్యాసమునకు పూర్వము జరిగిన సంగతి యొకటి కలదు. ఒకనాటి సాయంకాలము విద్యార్థిని ఆ ఘట్టమును అవ్వకు చదివి, కన్నడమున అర్థము చెప్పినది. విషము త్రాగుట వచ్చినచోట అవ్వ, "ఆగమ్మా. వద్దనే తల్లి లేకపోబట్టే కదా తాగినాడు" అని కన్నులొత్తుకొన్నది.

విషము మ్రింగి లోకములను కాచిన నీలకంఠుని అవ్వ ప్రతి సోమవారము కొలుచును. ఆ కొలుచునది ఆయన మహిమనే. ఆ క్షణమున మాత్రము ఆమెకు మహిమ కనబడలేదు. ఎవరును వారింపనందున విషము త్రాగిన బిడ్డ కనబడినాడు. ఆమెయందు పరిహాసము లేదు, తిరస్కారము లేదు. విద్యార్థిని ఆ రాత్రి మరల మూలమును తెరచి, అవ్వ విన్న విధమునకు కావ్యమున ఆధారము కలదేమో చూచినది. అవ్వ కన్నీరు మనోహరమైనది కావచ్చును. వ్యాసమునకు అది సాక్ష్యము కాదు. సాక్ష్యము కావ్యముననే దొరకవలెను.

నాలుగవ వ్యాసము: ప్రతిపాదన

నాలుగవ వ్యాసము మూడు పుటలే. కథాసంగ్రహము ఆరు వాక్యములు. దాని వాదము ఈ విధముగ నడచినది.

పురాణములు శివునకు ఐశ్వర్యముగ చెప్పిన జడలు, విషము, తోళ్లు తల్లి కంటికి ఆలన లేని బిడ్డ గురుతులుగ కనబడుచున్నవి. వస్తువులు మారలేదు, చూచు కన్ను మారినది. స్తోత్రమునందు ఒక్కొక్క వస్తువు చేరినకొలది స్వామి భక్తునకు అందని ఎత్తునకు పోవును. ఇచ్చట ఒక్కొక్క వస్తువు చేరినకొలది స్వామి దగ్గరకు వచ్చుచున్నాడు. 'తల్లి' అను మాట పాదాదిని మరల మరల వచ్చుటచే ఆ లోటు చెవిలో పెరుగుచున్నది. ద్విపదయొక్క చిన్న పాదము ఇందులకు తోడ్పడినది. ఒక పాదమున నొక ప్రశ్న ముగియును. ఊపిరి తీయులోపల మరియొకటి మొదలగును. దుఃఖమున నున్న స్త్రీ మాటలాడు తీరునకు అది దగ్గరగ నున్నది.

పిదప ఆమె ఒక ఆక్షేపణను తానే కల్పించుకొని సమాధానము వ్రాసినది. కవి ఈ అమాయకురాలిని చూచి నవ్వుచున్నాడని ఎవరైన అనవచ్చును. అట్లగుచో శివుడు ప్రత్యక్షమై, నేను అనాదిని, నాకు తల్లి యేల యని ఆమె పొరపాటు దిద్దవలసినది. కథలో శివుడు దిద్దుటకు బదులు ఆమె భావమునకు లొంగి, జబ్బుపడిన బిడ్డయై నటించెను. ఆమె భావమును దేవుడే అంగీకరించిన పిమ్మట నవ్వుటకు ఎవరికి చోటు?

రుద్రపశుపతి కథను ఆమె సాక్ష్యముగ తెచ్చినది. శివుడు విషము త్రాగెనని పురాణమున విని, ఆ భక్తుడు ఆయన ప్రాణమునకు ఏమగునో యని భయపడెను. అచ్చటను స్వామి అతని అమాయకత్వమును త్రోసిపుచ్చక, దానికి తగినట్లే మెలగెను. ఒకే విషపానమును మహాదేవి తల్లిగ తలచి వగచినది. రుద్రపశుపతి ఆప్తుడై భయపడినాడు. రెండు కథలలోను కవి ముగ్ధత్వమును చూచిన దృష్టి యొక్కటియే. కావున మూడవ వ్యాసమున తాను పరిహాసమన్నది పొరపాటని ఆమె స్పష్టముగ వ్రాసి, భగవంతునకును ఒకరి ఆలన కావలెనను భావమునకు కవి ఇచ్చట తావు కల్పించెనని ముగించినది.

మూడవ వ్యాసమున కనుగొన్నదానిని ఆమె విడిచిపెట్టలేదు. తాతగారికి నచ్చునట్లుగ మెత్తపరుపనులేదు. ఆధారము లేని మాటను మాత్రమే తీసివేసినది.

వైశాఖ శుద్ధ తదియనాడు, బసవజయంతికి, మఠమున ఆ వ్యాసము చదువబడినది. తాతగారు మెప్పుమాట చెప్పలేదు. "ఇందులో సోమనాథుని మాట యేది, నీ మాట యేది?" అని అడిగిరి. ఆమె పుస్తకము తెరచి, పాదములను వ్రేలితో చూపుచు, ఇది కవి యన్నది, ఇది నేననుకొన్నది, ఇట్లనుకొనుటకు కారణమిది యని వరుసగ చెప్పినది. తాతగారు ఆ ఘట్టమును మరియొకసారి చదువుమనిరి. "చదువు, తల్లీ" అనిరి. మనుమరాలిని తల్లీ యని పిలుచు వాడుక గల యిండ్లలో, ఒక పేద భక్తురాలు పరమేశ్వరునకు తల్లి యగుట వింత కాదని ఆ సభలో కొందరికైనను తోచియుండును.

బసవతత్త్వమున ఈ పాఠమునకు స్థానము

పన్నెండవ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుడు నెలకొల్పిన శరణసంప్రదాయమున ప్రశ్నకు గౌరవస్థానము కలదు. అనుభవమంటపమునకు వచ్చిన అక్కమహాదేవిని అల్లమప్రభువు ప్రశ్నలతో పరీక్షించుట శూన్యసంపాదనమున ప్రసిద్ధమైన ఘట్టము. ప్రశ్నించుటచే ఆమె గౌరవము తరుగలేదు; ఆమె సమాధానములచే సభకు ఆమె యనుభవము తెలిసినది. మఠమున తాతగారు మనుమరాలిని అడిగిన ప్రశ్న ఆ మార్గముననే నడచినది.

నుడియు నడయు ఒక్కటి కావలెనని బసవేశ్వరుని బోధ. వ్యాసరచనయందు నుడి యనగా తాను చేయు ప్రతిపాదన; నడ యనగా దానికి చూపు ఆధారము. మొదటి రెండు వ్యాసములందును నుడి మాత్రమే కలదు. మూడవదానిలో నడ వచ్చినది, కాని నుడి దానిని దాటిపోయినది. నాలుగవదానిలో రెండును కలిసినవి.

కాయకమును గూర్చిన బోధయు ఇచ్చట వర్తించును. చెమటోడ్చి సత్యముగ చేసిన పనియే కాయకము. పరుల వాక్యములను తనవిగ చూపించి మార్కులు పొందుట కాయకము కాజాలదు. పదిమార్లు చదివి, తన కంటితో చూచి వ్రాసిన ఒక్క పుట కాయకము. దానిని మఠమున నలుగురికి వినిపించుట దాసోహమునకు తోడగును.

ఇంటివారును, మఠములవారును చేయదగిన పనులు

విద్యార్థి వ్యాసమునకు కూర్చుండుటకు ముందు మూలమును బిగ్గరగ చదివింపవలెను. బసవపురాణము చెవికై పుట్టిన కావ్యము. కంటితో మాత్రమే చదివినవానికి 'తల్లి' అను మాటయొక్క బరువు తెలియదు.

చదువురాని పెద్దలకు వినిపించి, వారు ఎచ్చట ఆపిరో, ఏమడిగిరో గుర్తుంచుకొనుమని చెప్పవలెను. వ్యాసమునకు ప్రశ్న అచ్చట దొరకును. జవాబును మూలమున వెదకవలెను.

వ్యాసము పూర్తియైన పిదప పేర్లు మార్చి చూడవలెను. పేరు మార్చినను చెల్లు వాక్యములను కొట్టివేయవలెను.

పండితులలో భిన్నాభిప్రాయములున్నచోట వానిని ఉన్నట్లుగనే చెప్పవలెను. సోమనాథుని కాలమును గూర్చి పండితులందరును ఏకీభవింపలేదు. అట్టిచోట ఒక్క తేదీని నిశ్చయముగ వ్రాయుట పాండిత్యము కాదు.

పిల్లలు వ్రాసినదానిలో నొప్పి కలిగించు మాట కనబడినచో, ముందుగ దానికి ఆధారమడుగవలెను. ఆధారము చూపగలిగినచో పెద్దలు ఆలోచింపవలెను. చూపలేనిచో పిల్లలు దిద్దుకొందురు. అడుగకయే నోరు మూయించినచో పిల్లవాడు పురాణమును విడుచును, లేదా రెండు నాలుకలు నేర్చును.

అభ్యాసము

1. గొడగూచి కథను, బెజ్జ మహాదేవి కథను చదివి, రెండింటను లింగమునకు పాలు సమర్పించుటలోని భేదమును మూలమునందలి మాటల ఆధారముతో ఒక పుటలో వ్రాయుము.

2. రుద్రపశుపతి కథలో నవ్వు పుట్టించు సన్నివేశము కలదా? కలదన్నచో అది ఎవరి నవ్వు? ఆధారము చూపుము.

3. నీవు పూర్వము వ్రాసిన వ్యాసము నొకదానిని తీసికొని, అందు కవి మాటలు, పండితుల మాటలు, నీ మాటలు వేరువేరుగ గుర్తింపుము. మూడవ వర్గమున ఎన్ని వాక్యములు మిగిలినవో చూచుకొనుము.

మూడవ అభ్యాసమున మొదటిసారి ఒక్క వాక్యమైనను మిగులకున్నచో నిరాశ పడనక్కరలేదు. పైని చెప్పిన విద్యార్థిని మొదటి వ్యాసమునను ఒక్కటియు మిగులలేదు.